పల్లెపాటకు పట్టము కట్టిన ఆచార్యుడు

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొని మాణికేశ్వర్ నగర్ అను పేట యొకటి కలదు. దానికి వడ్డెర బస్తీ యనియు పేరు. తార్నాక నుండి గాని, ఆర్ట్సు కళాశాల రైలు స్టేషను నుండి గాని అచ్చటికి నడచి పోవచ్చును. వడ్డెరలు తరతరములుగా రాతిపనికిని, మట్టిపనికిని పేరు పొందినవారు. బావులు త్రవ్వుట, బండలు పగులగొట్టుట, చెరువుకట్టలు పోయుట వారి వృత్తి. విశ్వవిద్యాలయ భవనములు లేచుచున్న కాలమున రాతిపని చేయ వచ్చిన కుటుంబములవారు ఇచ్చట గుడిసెలు వేసికొని స్థిరపడిరని పెద్దలు చెప్పుదురు.

ఆ భవనములలో ప్రధానమైనది ఆర్ట్సు కళాశాల. దానికి 1934 జూలై 5వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. లేతగులాబి వన్నె గల కొండరాతితో కట్టిన ఆ మేడను చూచినవారు దాని స్తంభములను, కమానులను, విశాలమైన ముఖద్వారమును కొనియాడకుండ నుండలేరు. కట్టించిన ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు చరిత్రలో నున్నది. నమూనా గీసిన జాస్పరు అను ఐరోపా వాస్తుశిల్పి పేరును ఉన్నది. రాయి చెక్కినవారి పేర్లు, రాయి మోసినవారి పేర్లు మాత్రము చరిత్రకు ఎక్కలేదు.

పెద్ద బండను పదిమంది కలిసి కదలింపవలెనన్న వారి బలము ఒక్క క్షణమున ఒక్కచోట పడవలెను. అందుకు పాట కావలెను. ఒకడు పాట ఎత్తుకొనును. తక్కినవారు వంత పాడుదురు. వంత పడినచోట పదిమంది చేతులును ఒక్కసారిగా బిగియును, బండ కదలును. కష్టజీవికి పాట వినోదము మాత్రమే కాదు. అది పనిముట్లలో నొకటి. నారు నాటువారికి, కలుపు తీయువారికి, వడ్లు దంచువారికి, తిరుగలి విసరువారికి, మోట తోలువారికి ఎవరి పాటలు వారికి గలవు. ఆ పాటలు కట్టినవారు ఎవరో తెలియదు. వ్రాసినవారు లేరు. తల్లి నోట కూతురు, తండ్రి నోట కొడుకు నేర్చుకొనుచు వచ్చిరి.

శ్రామికుల చేతి రాళ్ళు విద్యామందిరమునకు గోడలైనవి. వారి నోటి పాట మాత్రము చాలకాలము ఆ మందిరపు వాకిటనే నిలిచినది. దానిని లోనికి పిలిచి, శాస్త్రపీఠముపై గూర్చుండబెట్టిన ఆచార్యులలో అగ్రగణ్యులు బిరుదురాజు రామరాజుగారు. సుదీర్ఘమైన వారి జీవితమును తెలిసికొనుట మనకు మేలు చేయును.

రామరాజుగారు 1925 ఏప్రిల్ 16వ తేదీన ఓరుగల్లు ప్రాంతమున దేవనూరు గ్రామమున జన్మించిరి. ఓరుగల్లు సీమ తెలుగు కవులకు పుట్టినిల్లు. భాగవతమును తెనిగించిన పోతన నివసించినదని చెప్పు బమ్మెర ఆ ప్రాంతముననే యున్నది. బసవపురాణకర్త పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు ఆ ప్రాంతముననే యున్నది. సోమనాథుడు సంస్కృత సమాసములతో నిండిన వృత్తములను విడచి, ప్రజల నాలుకపై నడచు ద్విపదను చేపట్టినవాడు. ఆ మహాకవి తన పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, నివాళి పదములు, వెన్నెల పదములు అని ఆనాడు జనులు పాడుకొను పాటల పేర్లను పేర్కొన్నాడు. పెక్కు శతాబ్దముల క్రిందటనే మన పల్లెలలో ఇన్ని విధములైన పాటలు ఉండెనని మనకు తెలియుటకు ఆ వాక్యములే ఆధారము. పాటల పేర్లు మిగిలినవి. ఆనాటి పాటలు మాత్రము మిగులలేదు. వ్రాసిపెట్టినవారు లేకపోవుటయే దానికి కారణము.

తెలంగాణపు పల్లెలో పుట్టిన బాలునకు పాట పాఠశాలకంటె ముందు దొరకు చదువు. తెల్లవారుజామున తిరుగలి పాట వినబడును. భాద్రపదము వెళ్ళి ఆశ్వయుజము వచ్చునప్పటికి తంగేడుపూలు, గునుగుపూలు పేర్చిన బతుకమ్మచుట్టు స్త్రీలు చప్పట్లతో పాడుచు తిరుగుదురు. ఒగ్గువారు డోలు మ్రోగించుచు మల్లన్న కథ చెప్పుదురు. శారదకాండ్రు తంబుర మీటుచు వీరుల కథలు పాడుదురు. చిందువారు రాత్రి యెల్ల యక్షగానము లాడుదురు. ఇట్టి సీమలో పెరిగినవారు రామరాజుగారు.

ఆయన చదువుకొను నాటికి హైదరాబాదు రాజ్యమున ఉన్నత విద్య ఉర్దూ భాషలో జరుగుచుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపించుటకు 1917లో నిజాము ఫర్మానా వెలువడెను. 1918లో విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. అచ్చట తెలుగుశాఖ 1919లో ఏర్పడెను. నవ్యకవితకు మార్గము వేసిన రాయప్రోలు సుబ్బారావుగారు దానికి తొలి ఆచార్యులు. తరువాత ఖండవల్లి లక్ష్మీరంజనముగారు శాఖకు అధ్యక్షులై పరిశోధనకు ఊతమిచ్చిరి. రామరాజుగారు ఆ శాఖలోనే విద్యార్థియై, పరిశోధకుడై, పిమ్మట ఆచార్యుడైరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, ఆంగ్లము ఆయనకు కైవసములు. ఉర్దూ–తెలుగు నిఘంటువు కూర్పున ఆయన శ్రమించిరి. ఇరుగుపొరుగున జీవించు రెండు భాషలవారు ఒకరి మాట ఒకరు తెలిసికొనుటకు నిఘంటువును మించిన సాధనము లేదు గదా!

పరిశోధనకు విషయమును ఎన్నుకొనవలసిన సమయము వచ్చినప్పుడు ఆయన జానపద గేయములను ఎన్నుకొనిరి. ఈనాడు ఇది మనకు వింతగా తోచదు. ఆనాటి పండితలోకమున మాత్రము సాహిత్యమనగా కావ్యము, ప్రబంధము, శతకము. ఛందస్సు, అలంకారము, వ్యాకరణము లేని మాటలకు సాహిత్యమను పేరు చెల్లదని తలచువారు పెక్కురు. చదువురాని స్త్రీలు దంపుచు పాడుకొను పాటలో పరిశోధించుటకు ఏమున్నదని చులకన చేయుట సాధారణము. పాడువారికి సైతము తమ పాటపై గౌరవము లేకుండెను. అడిగినచో, “అది ఏమి పాట, బాబూ! మా మోటు పాటలు మీకెందుకు?” అని సిగ్గుపడువారు. పండితుడు చులకన చేయగా, పాడువాడు సిగ్గుపడగా ఆ పాట నిలుచుట ఎట్లు?

ఈ బాధ మన దేశమునకే పరిమితము కాదు. ఐరోపాలో జర్మనీ దేశమున గ్రిమ్ సోదరులు ప్రజలు చెప్పుకొను కథలను సేకరించి 1812లో తొలి సంపుటము ప్రకటించిరి. ఫిన్లాండు దేశమున లోన్‌రోట్ అను వైద్యుడు పల్లెపల్లెకు తిరిగి, ముసలి గాయకుల పాటలను వ్రాసికొని, వానిని కూర్చి 1835లో కాలేవాల అను గ్రంథముగ వెలువరించెను. ఆ కాలమున ఫిన్లాండు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. చదువుకొన్నవారు స్వీడిషు భాషనే వాడుచుండిరి. తమ పాటలు గ్రంథరూపమున కన్నులకు గట్టిన పిమ్మట ఫిన్నులకు తమ భాషపై గౌరవము కలిగెను. పాటను కాపాడుకొన్న జాతి తన్ను తాను గుర్తించుకొనెను. 1846లో ఇంగ్లండున విలియం థామ్స్ అను పండితుడు ఈ విజ్ఞానమునకు ఫోక్‌లోర్ అను పేరు పెట్టెను. తెలుగున దానినే జానపద విజ్ఞానమని యందుము.

తెలుగునాట సైతము రామరాజుగారికి ముందు ఈ దారి నడచినవారు లేకపోలేదు. తెలుగు గ్రంథములను ఉద్ధరించిన బ్రౌను దొర కొన్ని జానపద గాథలను వ్రాయించి భద్రపరచెను. జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయ ఉద్యోగి 1874లో తెలుగు గాథలను గూర్చి వ్యాసము వ్రాసెను. నేదునూరి గంగాధరముగారు పల్లెపాటలను ప్రోగుచేయుటకు తమ జీవితమును అంకితము చేసిరి. హరి ఆదిశేషువుగారు జానపద గేయ వాఙ్మయమును పరిచయము చేయుచు గ్రంథము రచించిరి. ఇట్టి వారి కృషి పునాది కాగా, దానిపై శాస్త్రీయమైన పరిశోధనను నిర్మించి విశ్వవిద్యాలయపు ఆమోదమును పొందినవారు రామరాజుగారు. 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టము నొసగెను. తెలుగు జానపద గేయములపై అట్టి పట్టము లభించుట అదియే మొదలు. ఆ పరిశోధన 1958లో “తెలుగు జానపద గేయ సాహిత్యము” అను పేర గ్రంథముగ వెలువడెను.

పాటలను సేకరించుట సులభమైన పని కాదు. పుస్తకమునందలి పద్యము ఎప్పుడు తెరచినను అచ్చటనే యుండును. నోటియందలి పాట అట్లుండదు. దంపుడు పాట పాడుమని ఊరక కూర్చున్న స్త్రీని అడిగినచో ఆమెకు సగము పాట జ్ఞప్తికి రాదు. రోకలి చేతబట్టినప్పుడు దానంతట అది పలుకును. చావు పాటను శుభదినమున పాడుమనరాదు. పెండ్లిపాట పెండ్లిలోనే వినవలెను. ఒకే పాట ఒక్కొక్క ఊర ఒక్కొక్క విధముగ నుండును. అన్నింటిని వ్రాసికొని పోల్చవలెను. చదువుకొన్నవాడు వ్రాసికొనునపుడు మోటుమాటను దిద్దవలెనని చేయి దురదపెట్టును. దిద్దినచో పాట చెడును. పాడినవారు ఎట్లు పలికిరో అట్లే వ్రాయవలెను. ఇన్నిటికంటెను ముఖ్యమైనది వినయము. అక్షరము రాని అవ్వ ముందు విద్యాధికుడు శిష్యునివలె కూర్చుండవలెను. ఆమెయే గురువు, అతడే నేర్చుకొనువాడు.

రామరాజుగారు తెలుగు పాటలను విషయమును బట్టి విభజించి చూపిరి. పురాణకథలకు సంబంధించినవి పౌరాణిక గేయములు. రాజులను, వీరులను గూర్చినవి చారిత్రక గేయములు. వేదాంతము చెప్పునవి పారమార్థిక గేయములు. ఇవి గాక స్త్రీల పాటలు, శ్రామికుల పాటలు, పిల్లల పాటలు మున్నగునవి వేరువేరుగ నున్నవి. చెదరియున్న వస్తువులను జాతులవారీగా పేర్చి చూచునపుడే వాని విలువ మనకు స్పష్టమగును. గుట్టగా పడియున్న పాటలు ఈ విభజనతో ఒక సాహిత్యముగ కానవచ్చెను.

ఈ పాటలలో నేమున్నదో ఒకటి రెండు ఉదాహరణములు చూతము. రామాయణమున ఊర్మిళ లక్ష్మణుని భార్య. వాల్మీకి ఆమెను గూర్చి చెప్పినది మిక్కిలి స్వల్పము. సీత భర్తతో అడవికి పోయెను. ఊర్మిళ పదునాలుగేండ్లు ఏమి చేసెను? ఈ ప్రశ్న మన పల్లె స్త్రీల మనస్సునకు తట్టెను. వారు ఊర్మిళాదేవి నిద్ర యను పాటను పాడుకొనిరి. ఆ పాటలో ఊర్మిళ ఆ పదునాలుగేండ్లును నిద్రపోవును. శ్రీరాముని పట్టాభిషేకమైన పిమ్మట సీత, మరది భార్యను తలచుకొని, లక్ష్మణుని ఆమె యొద్దకు పంపుమని రామునితో మనవి చేయును. లక్ష్మణుడు వచ్చి మేలుకొలుపగా ఊర్మిళ అతనిని గుర్తింపక, పరపురుషుడని తలచి మందలించును. ఇంటిలో ఒంటరిగా నిలిచిన ఇల్లాలి దుఃఖము, అభిమానము ఆ పాటలో కన్నులకు గట్టును. మహాకవి చెప్పక విడిచినదానిని పేరులేని తల్లులు పూరించిరి.

లక్ష్మణదేవర నవ్వు అను మరియొక పాట కలదు. కొలువుదీరిన సభలో లక్ష్మణుడు ఉన్నట్లుండి నవ్వును. సభలోని యొక్కొక్కరును తమ తమ లోపమును తలచుకొని, తన్ను చూచియే నవ్వెనని లోలోన కుములుదురు. వనవాసమున తనకు ఎడమై యుండిన నిద్రాదేవి సరిగా ఆ సమయమునకే వచ్చి పైబడుటచే లక్ష్మణుడు నవ్వెనని తుదకు తెలియును. గుమ్మడికాయల దొంగ యనగనే భుజములు తడుముకొను మానవస్వభావమును ఇంతకంటె చక్కగా చెప్పుట ఎట్లు?

చరిత్ర విషయమున సైతము పాట మనకు సాక్ష్యము చెప్పును. 1700 ప్రాంతమున తెలంగాణమున సర్వాయి పాపడు అను వీరుడుండెను. ఆయన గీతవృత్తి కుటుంబమున పుట్టి, బలగమును కూర్చుకొని, మొగలు అధికారులను ఎదిరించి, 1708లో ఓరుగల్లుపై దాడి చేసెను. మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాను పారసీ భాషలో అతనిని దోపిడీకాడుగా వర్ణించెను. జనులు పాడుకొను గాథలో అతడు వీరుడు. బాయిల్ తన వ్యాసమున పేర్కొన్నదియు ఈ గాథయే. దర్బారులో కూర్చుండి వ్రాసినవాని మాట ఒకటి. పొలమున నిలిచి పాడినవాని మాట మరియొకటి. రెండును విన్నప్పుడే తీర్పరి న్యాయము చేయగలడు. ఒక పక్షమువారి సాక్ష్యము అంతరించినచో చరిత్ర ఒంటికంటిది యగును. జానపద గేయములను కాపాడుట ఎందులకని అడుగువారికి ఇదియే ప్రత్యుత్తరము.

రామరాజుగారు పరిశోధనతో తృప్తి చెందక, దానిని బోధనగా మార్చిరి. ఒక్కని జ్ఞానము అతనితోనే ముగియును. శిష్యులకు చెప్పిన జ్ఞానము పెరుగును. ఆయన తరువాత అనేకులు వీరగాథలను, యక్షగానములను, సామెతలను, పొడుపుకథలను, కులవృత్తుల కళారూపములను పరిశోధించి పట్టములు పొందిరి. 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయము వరంగల్లున జానపద గిరిజన విజ్ఞాన పీఠమును నెలకొల్పెను. ఒకనాడు పరిశోధనకు తగదని తలపబడిన విషయమునకు ఇప్పుడు ప్రత్యేకముగ నొక విద్యాపీఠమే యున్నది. తెలుగు రానివారి కొరకు సైతము రామరాజుగారు ఆంధ్రదేశపు జానపద కథలను గూర్చియు, జానపద విజ్ఞానమును గూర్చియు ఆంగ్లమున గ్రంథములు రచించిరి.

పల్లెపాటను ప్రేమించినవారు సంస్కృతమును నిరసింతురని కొందరి తలంపు. రామరాజుగారి యందు ఆ భేదము లేదు. తాళపత్ర గ్రంథములను వెదకుటయందును ఆయనకు మిక్కిలి శ్రద్ధ. సంస్కృత సాహిత్యమునకు ఆంధ్రులు చేసిన సేవను గూర్చి ఆయన ఆంగ్లమున పెద్ద గ్రంథము రచించిరి. మరుగుపడిన పండితులను, కవులను వెలికితీయుచు “చరిత్రకెక్కని చరితార్థులు” అను గ్రంథమును రచించిరి. ఆ పేరులోనే ఆయన జీవితాశయ మంతయు ఇమిడియున్నది. చరితార్థుడనగా జన్మను సార్థకము చేసికొన్నవాడు. అట్టివాని పేరు చరిత్రలో లేకపోయినచో అది అతని లోపము కాదు; చరిత్ర వ్రాసినవారి లోపము.

ఉద్యోగ విరమణముతో పని ముగిసినదని చాలమంది తలంతురు. రామరాజుగారికి ఆ విరామము మరియొక మహాకార్యమునకు తీరిక నిచ్చెను. ఆయన భక్తివిశ్వాసములు గలవారు. ఆ విశ్వాసము ఆయనను ఆంధ్రదేశమున పుట్టిన యోగుల జీవితములను సేకరించుటకు పురికొల్పెను. ఫలితముగ “ఆంధ్రయోగులు” అను గ్రంథము అనేక సంపుటములుగ వెలువడెను. పేరెన్నిక గన్నవారితోబాటు, ఒక ఊరివారికో రెండూళ్ళవారికో తప్ప తెలియని సాధకుల చరిత్రలును అందు చోటుచేసికొన్నవి.

జానపద గేయములకును యోగుల చరిత్రలకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. పారమార్థిక గేయములను ముందు పేర్కొంటిమి గదా! వానిలో తత్త్వములు ముఖ్యమైనవి. పోతులూరి వీరబ్రహ్మముగారి తత్త్వములను, ఆయన శిష్యుడైన దూదేకుల సిద్ధయ్య తత్త్వములను తెలుగుపల్లెలలో ఏకతార మీటుచు పాడుదురు. వీరబ్రహ్మము విశ్వకర్మ కులజుడు; సిద్ధయ్య మహమ్మదీయ కుటుంబమున పుట్టినవాడు. కులమతములు వారి గురుశిష్య బంధమునకు అడ్డు రాలేదు. రాత్రివేళ రచ్చబండకడ కూర్చుండి ఆ తత్త్వములను పాడు రైతునకు అదియే ఉపనిషత్తు. పాటను వెదకుచు పోయినవానికి పాట వెనుక నున్న యోగి కనబడుట సహజము.

యోగులలో పెక్కురు గ్రంథములు వ్రాయలేదు. వారి సమాధి ఒక ఊర నుండును. వారి మాట శిష్యుల నోట నుండును. వారి కథ ఏటేట జరుగు ఆరాధనలో నుండును. దానిని సేకరించుటకు కావలసినవి ఓపిక, శ్రద్ధ, వినయము. పాటను సేకరించుటకు కావలసినవియు అవియే. భక్తుల నోట పెరిగిన మహిమలను చదువునపుడు పాఠకుడు తన వివేకమును ఉపయోగింపవలసినదే. అయినను ఒక సాధువును జనులు ఎందుకు ప్రేమించిరి, ఆయన మాటవలన వారి నడవడి యెట్లు మారెను అను విషయములు ఎంతయు తెలిసికొనదగినవి. వ్రాసిపెట్టినవారు లేనిచో ఆ విషయములు ఒక తరముతో అంతరించును.

దీనినిబట్టి రామరాజుగారి విద్యకును విశ్వాసమునకును మూలము ఒక్కటియే యని మనకు తెలియును. లోకము గుర్తింపని మనుష్యునియందు గొప్పతనము ఉండవచ్చునని ఆయన నమ్మిరి. ఆ నమ్మకముతో యౌవనమున పాటలను వెదకిరి. నడివయస్సున మరుగుపడిన పండితులను వెదకిరి. వార్ధక్యమున యోగులను వెదకిరి. వెదకిన వస్తువు మారెను గాని వెదకు చూపు మారలేదు. దేవుడు ఎల్లరియందును గలడని పలుకువారు పెక్కురు. ఆ మాటను నమ్మి, కాగితమును కలమును చేతబట్టి, ఎల్లరి మాటను వినుటకు బయలుదేరువారు కొందరే.

ఆచార్య రామరాజుగారు 2010 ఫిబ్రవరి 8వ తేదీన, తమ ఎనుబదియైదవ యేట పరమపదించిరి. ఆయన పుట్టిననాడు దేశము పరుల పాలనలో నుండెను. హైదరాబాదు నిజాము రాజ్యముగ నుండెను. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసెను. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడెను. రాజ్యములు మారినవి, విశ్వవిద్యాలయమున బోధనాభాష మారినది, తిరుగలి స్థానమున పిండిమర, మోట స్థానమున విద్యుత్తుతో నడచు పంపు వచ్చినవి. తిరుగలి పోయినచోట తిరుగలి పాటయు పోవును. పనితో పుట్టిన పాట పనితోడనే మరుగగును. రామరాజుగారును, ఆయన వంటివారును సకాలమున వ్రాసికొనకున్నచో నేడు మనకు పాల్కురికి నాటివలె పాటల పేర్లు మాత్రమే మిగిలియుండెడివి.

బాలలారా! ఈ పని ముగిసిపోలేదు. మీ ఇంట అవ్వయో, తాతయో ఉన్నచో వారికి తెలిసిన పాట ఒకటైనను తప్పక యుండును. ఉయ్యాల ఊపుచు పాడినదో, పొలమున పాడినదో, పండుగనాడు పాడినదో అడిగి తెలిసికొనుడు. వారు పలికినట్లే వ్రాసికొనుడు. మాట మోటుగ నున్నదని దిద్దకుడు. పాట క్రింద పాడినవారి పేరు, ఊరిపేరు, తేదీ, ఏ సందర్భమున పాడుదురను సంగతియు వ్రాయుడు. నేడు చేతిలో నిముడు ఫోనులోనే పాటను పట్టియుంచవచ్చును. రామరాజుగారు పరిశోధన చేసిన దినములలో ఇట్టి సౌకర్యము లేదు. పాడినవారి పేరు వ్రాయుట మరువకుడు. ఆర్ట్సు కళాశాలకు రాయి మోసినవారి పేర్లను ఎవరును వ్రాయలేదు. పాట మోసినవారి పేర్లనైనను మనము వ్రాయుదము.

ప్రశ్నలు

1. శ్రామికునకు పాట పనిముట్టువంటిది యని యెట్లు చెప్పవచ్చును?
2. పాల్కురికి సోమనాథుడు పేర్కొన్న పాటలు ఎందుకు మిగులలేదు?
3. జానపద గేయములను సేకరించువారికి ఎదురగు కష్టములను వివరింపుము.
4. సర్వాయి పాపని గూర్చి పారసీ చరిత్రయు, జానపద గాథయు చెప్పు మాటలలో భేదమేమి? రెండింటిని వినుట ఎందుకు అవసరము?
5. రామరాజుగారి విద్యకును విశ్వాసమునకును గల సంబంధమును మీ సొంత మాటలలో వ్రాయుము.
6. మీ ఇంటి పెద్దలు పాడు పాట నొకదానిని సేకరించి, పాడినవారి పేరుతో సహా వ్రాసి తెమ్ము.